బరంపురం నుంచి పాత మెటల్ సింగిల్స్ వేట

బరంపురం, ఛత్రపురం పాత సామాన్ల షాపుల్లో ఏడంగుళాల రికార్డులు కనబడితే దాదాపు అన్నీ సినిమా ఈపీలే (మూడు నాలుగు పాటల చిన్న రికార్డులు). గ్రేడింగ్‌లో, అంటే రికార్డు ఎంత బాగుందో అంచనా కట్టడంలో, చెయ్యి తిరగడానికి అవి చాలు. 1979–83 మధ్య బ్రిటన్‌లో చిన్నా చితకా లేబుళ్లు (రికార్డు కంపెనీలు) వేసిన హెవీ మెటల్ సింగిల్స్, అంటే వైపుకో పాట ఉండే ఏడంగుళాల రికార్డులు, కావాలంటే మాత్రం ఆన్‌లైనే గతి, అదీ నలుగురు కలిస్తేనే. ఒక్కరే దిగితే పోస్టేజీ నడ్డి విరుస్తుంది.

బ్యాండ్ పేరుతో వెతక్కండి. పేరు మన చెవిన పడేసరికే ధర కొండెక్కి ఉంటుంది. ఐరన్ మెయిడెన్ 1979లో సొంతంగా వేసుకున్న 'ది సౌండ్‌హౌస్ టేప్స్' 5,000 కాపీలే. దానికి నకిలీలు కూడా బోలెడు. లేబుల్ తన రికార్డులకి వరసగా ఇచ్చే నంబర్ల వెంట పడండి. న్యూకాసిల్ పక్కన వాల్సెండ్‌లోని నీట్ రికార్డ్స్‌నే చూడండి: 03 టైగర్స్ ఆఫ్ పాన్ టాంగ్, 04 ఫిస్ట్, 05 వైట్ స్పిరిట్, 06 రేవెన్, 08 వెనమ్. మరి 07 ఎవరిది? రికార్డుల వివరాలుండే వెబ్‌సైట్లు డిస్కాగ్స్‌లోనో 45క్యాట్‌లోనో లేబుల్ పేజీ తెరిచి వరసగా నంబర్లు చూసుకుంటూ పోతే ఇలాంటివే బయటపడతాయి.

గ్రూపులో తలా ఒక లేబుల్ పంచుకోండి. ఒకరికి నీట్, ఒకరికి వుల్వర్‌హాంప్టన్ హెవీ మెటల్ రికార్డ్స్. బ్యాండ్లు సొంత ఖర్చుతో వేసుకున్నవి ఓపికున్న మనిషికి అప్పగించండి. వాటికి లేబుల్ పేజీ దాదాపు ఖాళీగా ఉంటుంది. బ్రిటిష్ సంగీత పత్రిక 'సౌండ్స్'లో వచ్చిన, లండన్ డీజే నీల్ కే హెవీ మెటల్ డిస్కో చార్టులే దారి. అందులో డెమో టేపులు కూడా ఎక్కేవి, కాబట్టి పేరుంటే రికార్డు ఉన్నట్టే అనుకోవద్దు.

దొరికాక వెంటనే డబ్బు కట్టకండి. పాట అయ్యాక లేబుల్ దాకా ఉండే నున్నటి పట్టీ మీద మ్యాట్రిక్స్ నంబరు (రికార్డు అచ్చుకి గుర్తుగా చెక్కిన నంబరు) ఉంటుంది. టార్చి ఏటవాలుగా పట్టి రెండు వైపులా ఫొటో తీయమని అమ్మేవాణ్ణి అడగండి. అసలు కాపీ ఫొటోతో పోలిస్తే చెక్కిన గీతల్లో తేడా, చేతిరాతలో తేడా, అచ్చు మసకగా ఉన్న కవరు: ఈ మూడింట్లో ఏది కనిపించినా ఆగండి. 'వీజీ ప్లస్' (చాలా బాగుంది కన్నా ఒక మెట్టు పైన అనే గ్రేడు) అన్నాడా, వాయించి చెప్పాడా, చూసి చెప్పాడా అని అడగండి. చూపుకి మెరిసే రికార్డు కూడా అరిగిన సూదితో వాయించి ఉంటే గరగరమంటుంది. నడిమధ్య ప్లాస్టిక్ ముక్క ఉందో లేదో కూడా కనుక్కోండి. జూక్‌బాక్స్ కోసం తీసేసి ఉంటే అడాప్టర్ కావాలి.

ఒక సింగిల్ సుమారు 40 గ్రాములు. ప్యాకింగ్ బరువే ఎక్కువ కాబట్టి ఐదారు ఒకే పార్సెల్‌లో తెప్పించండి. రికార్డును కవర్లోంచి తీసి వెనక పెట్టమనండి, లేకపోతే దారిలో కుదుపులకి కవరు అంచు చీల్చుకుని బయటికొస్తుంది. ప్యాకింగ్‌లో రెండు వైపులా పెట్టే అట్టల గీతలు ఒకదానివి అడ్డంగా, ఇంకోదానివి నిలువుగా ఉండాలి. ఒకే దిక్కున ఉంటే కలిసి వంగుతాయి. కస్టమ్స్ కాగితంలో విలువ తగ్గించి రాయించకండి, పార్సెల్ పోతే పరిహారమూ అంతకే వస్తుంది.

ఇంటికొచ్చాక అసలు శత్రువు సముద్రపు తేమ. వానాకాలంలో కవర్లకి బూజు పడుతుంది. అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కలు వాసనలేని గిన్నెల సబ్బు కలిపి, మెత్తటి గుడ్డతో గాడి వెంట తుడిచి, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ తుడవండి. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులో కొంటే సీలున్న డబ్బానే తీసుకోండి. రికార్డు మధ్యనున్న కాగితం లేబుల్ తడవకూడదు. పూర్తిగా ఆరాకే కవర్లో పెట్టి, నిలువుగా, ఎండ పడని గోడ వైపు సర్దండి.