ట్రాక్టర్ డీజిల్ ఫిల్టర్ ఇంట్లోనే మార్చుకోవడం ఎలా?

గొట్టా బ్యారేజీ నుంచి వంశధార కాలువలకు నీరు వదిలారంటే శ్రీకాకుళం జిల్లాలో ట్రాక్టర్లకు తీరిక ఉండదు, మెకానిక్కులకు అసలే ఉండదు. దమ్ము పడుతున్న బండి లాగలేక దగ్గి దగ్గి మడి మధ్యలో ఆగిపోయిందంటే ముందుగా అనుమానించాల్సింది డీజిల్ ఫిల్టర్‌నే. మార్చడం మన చేతిలో పనే. ఫిల్టర్ విప్పి బిగించడం సులువు, తర్వాత డీజిల్ దారిలో చేరిన గాలిని బయటకు పంపడంలోనే, అంటే ఎయిర్ తీయడంలోనే ఓపిక కావాలి.

కొత్తది కొనడానికి వెళ్లేటప్పుడు బండి మోడల్, పాత ఫిల్టర్ మీది నంబరు రాసుకోండి. చాలా ట్రాక్టర్లకు రెండు ఫిల్టర్లుంటాయి. ఎన్ని గంటలకు ఏది మార్చాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చవకగా వస్తుందని నకిలీ సరుకు తేవద్దు. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే పంపు, నాజిళ్ల మరమ్మతు ఖర్చు ముందు ఫిల్టర్ ధర ఏపాటిది?

ఇంజిన్ చల్లారాక బండిని చదునైన చోట పెట్టండి. దరిదాపుల్లో బీడీ, చుట్ట ఉండకూడదు. ఫిల్టర్ చుట్టూ పట్టిన బురదను శుభ్రంగా తుడిచాకే స్పానర్ పట్టుకోండి. ట్యాంకు కాక్ కట్టేసి, కింద పళ్లెం పెట్టి, ఫిల్టర్ అడుగున ఉన్న స్క్రూ వదులు చేయండి. కారినదాన్ని గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచితే నీరు అడుగున పేరుకుని, డీజిల్ పైన తేలుతుంది. నీరు బాగా కనిపిస్తే తప్పు ఫిల్టర్‌ది కాదు, ఇంట్లో డీజిల్ నిల్వ చేసిన డ్రమ్ముది కావచ్చు. వానాకాలంలో డ్రమ్ము అడుగుదాకా తోడకండి.

పాత ఫిల్టర్ విప్పాక పై మూతకు పాత రబ్బరు రింగు అంటుకుని ఉందేమో వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్త రింగు పడితే ఎంత బిగించినా కారుతుంది. కొత్త రింగుకు కాస్త డీజిల్ రాసి, డబ్బా మీద చెప్పినంతే బిగించండి. కొందరు కొత్త ఫిల్టర్ నడిమి రంధ్రంలో డీజిల్ పోసి మరీ బిగిస్తారు. చాలా ఫిల్టర్లలో అది వడకట్టిన డీజిల్ బయటకు వచ్చే దారి. అందులో పోసిన మురికి నేరుగా పంపులోకి పోతుంది.

ఇక ఎయిర్. కాక్ తెరిచి, మొదటి ఫిల్టర్ మీది చిన్న స్క్రూ ఒకటి రెండు చుట్లు వదిలి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీది హ్యాండ్ పంపు కొట్టండి. ముందు నురగ వస్తుంది. బుడగలు లేని ధార వచ్చేదాకా కొడుతూ, ధార కారుతుండగానే స్క్రూ బిగించండి. తర్వాత రెండో ఫిల్టర్, ఆపైన ఇంజక్షన్ పంపు మీది స్క్రూ. ఈ వరస తప్పితే మళ్లీ మొదటికే వస్తారు. సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లు మించి కొట్టకండి. చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజిన్ అయితే నాజిల్ పైపుల జోలికి వెళ్లవద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ఇంజిన్ పది నిమిషాలు తిరిగాక ఎక్కడైనా చెమ్మ ఉందేమో గుడ్డతో తుడిచి చూడండి. మర్నాడు పొద్దున బండి మొండికేస్తే రాత్రంతా ఎక్కడో గాలి పీలుస్తోందన్నమాట. మొదట ఆ రబ్బరు రింగు, తర్వాత స్క్రూల కింది రాగి వాషర్లు చూడండి.