ఆసియా అండర్‌-18 అథ్లెటిక్స్‌కు దరఖాస్తు ఎలా? ముందు పుట్టిన తేదీ సరిచూసుకోండి

"మా పాప నాలుగొందల మీటర్లు బాగా పరిగెడుతుంది సార్. ఆసియా పోటీలకు ఫారం ఎక్కడ ఇస్తారు?"

పిల్లలకు పరుగు నేర్పే పనిలో ఉన్నాను కాబట్టి ఏడాదికి ఓ పదిసార్లయినా ఈ ఫోన్ వస్తుంది. ఫారం అంటూ ఏమీ లేదని చెప్తే అవతలి వాళ్లు నమ్మరు. ఎవరో దాచిపెట్టారనుకుంటారు. ఆ అనుమానంలో ఉన్నవాళ్లే "డైరెక్ట్ ఎంట్రీ ఇప్పిస్తాం" అనేవాళ్ల చేతిలో పడి డబ్బులు పోగొట్టుకుంటారు. అందుకే ఈ దారి మొత్తం ఒకచోట రాసిపెడుతున్నాను.

ఆసియా అండర్‌-18 అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్స్ 2015లో దోహాలో మొదలయ్యాయి. తర్వాత బ్యాంకాక్ (2017), హాంకాంగ్ (2019), కువైట్ (2022), తాష్కెంట్ (2023)లలో జరిగాయి. 2025 ఏప్రిల్‌లో సౌదీ అరేబియాలోని దమ్మామ్‌లో జరిగినప్పుడు మనవాళ్లు 11 పతకాలు తెచ్చారు. జావెలిన్‌లో 67.57 మీటర్లు విసిరిన కుర్రాడిది ఒక్కటే స్వర్ణం. ఈ పోటీలకు పేర్లు పంపే హక్కు దేశాల సమాఖ్యలకే ఉంటుంది. మన దేశానికి అది అథ్లెటిక్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా, అందరూ పిలిచే పేరు ఏఎఫ్ఐ. ఒక ఈవెంట్‌లో ఒక దేశం నుంచి ఇద్దరికే చోటు. తల్లిదండ్రులు, కోచ్, స్కూల్, చివరికి రాష్ట్ర సంఘమైనా నేరుగా ఆసియా సంఘానికి రాసి ప్రయోజనం లేదు.

ఆసియా యూత్ గేమ్స్ వేరు. 2025 అక్టోబరులో బహ్రెయిన్‌లో జరిగినవి అవి. చాలా క్రీడలు కలిపి పెట్టే పోటీలవి, పేర్లు భారత ఒలింపిక్ సంఘం ద్వారా వెళ్తాయి. పేపర్లో "ఆసియా యూత్" అని కనపడగానే రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు.

వయసు లెక్క

పోటీ జరిగే ఏడాది డిసెంబరు 31 నాటికి 16 లేదా 17 ఏళ్లు ఉండాలి. లెక్క పుట్టిన సంవత్సరంతోనే. 2025 పోటీలకు 2008, 2009లో పుట్టినవాళ్లు అర్హులు. 2027లో జరిగే పోటీ అయితే 2010, 2011లో పుట్టినవాళ్లకు అవకాశం. జనవరి 1న పుట్టిన పిల్లకూ డిసెంబరు 31న పుట్టిన పిల్లకూ ఒకటే రూలు. అయితే మన దేశంలో జరిగే జిల్లా, రాష్ట్ర, జాతీయ మీట్‌లకు సర్క్యులర్‌లో "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ మధ్య పుట్టినవారు" అని విడిగా ఇస్తారు. అది కచ్చితంగా చదవాలి. పోయినసారి ఉన్న తేదీలే ఈసారీ ఉంటాయని అనుకోవద్దు.

అసలు కష్టం పుట్టిన తేదీ కాగితంలోనే

మన ఊళ్లలో బడిలో వేసేటప్పుడు జూన్ నెలలో ఏదో ఒక తేదీ రాయించడం పాత అలవాటు. ఒక క్లాసు హాజరు పట్టీ తీసి చూడండి, సగం మంది జూన్‌లోనే పుట్టి ఉంటారు! పదో తరగతి మెమోలో అదే ఎక్కుతుంది. ఆధార్‌లో ఇంకో తేదీ ఉంటుంది, ఆసుపత్రి రికార్డులో మరొకటి. చదువు సంగతిలో ఎవరూ పట్టించుకోరు. ఆటల్లో మాత్రం ఇదే మెడకు చుట్టుకుంటుంది.

పిల్లవాడు ఏడో తరగతికి వచ్చేసరికి బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ రికార్డు పక్కపక్కన పెట్టి చూసుకోండి. పుట్టిన తేదీ, పేరు, తండ్రి పేరు, తల్లి పేరు మూడింట్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. మనకు ఇంటిపేరుతో ఇంకో చిక్కు. ఒకచోట "కె. శ్రావణి", ఒకచోట ఇంటిపేరు పూర్తిగా ముందు, ఇంకోచోట చివర. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు కుదరవు, ఇంటిపేరు విప్పి రాయాల్సిందే. అదే పద్ధతి మొదటి నుంచీ అన్నిచోట్లా పెట్టుకుంటే తర్వాత తిరగక్కర్లేదు.

జననం అసలు నమోదే కాకపోతే గాభరా పడనక్కర్లేదు, కానీ పని వెంటనే మొదలుపెట్టాలి. ముందు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో రికార్డు లేదని సర్టిఫికెట్ తీసుకోవాలి. పుట్టి ఏడాది దాటితే ఆలస్యపు నమోదుకు అధికారి ఉత్తర్వు కావాలి. మన దగ్గర ఇది సాధారణంగా ఆర్డీవో ఆఫీసు ద్వారా జరుగుతుంది. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో మీసేవతో పాటు గ్రామ, వార్డు సచివాలయంలో అడగండి. స్కూల్ రికార్డు, తల్లిదండ్రుల ఆధార్, అఫిడవిట్ అడుగుతారు. విచారణకు సమయం పడుతుంది. పోటీ సర్క్యులర్ వచ్చాక పరిగెత్తితే అందదు.

నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయికి ఇదే జరిగింది. 800 మీటర్లలో జిల్లాలో ఆమెకు పోటీ లేదు. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం ఒక అంకె తేడా. "తర్వాత చూద్దాంలే" అని నేనే అన్నాను. సరిచేయించి కాగితం చేతికి వచ్చేసరికి రాష్ట్ర ఎంట్రీలు మూసేసి రెండు రోజులైంది. మరుసటి ఏడు ఆమె అండర్‌-20లోకి వెళ్లిపోయింది. అప్పటి నుంచి కొత్తగా ఎవరు చేరినా, స్పైక్స్ కంటే ముందు బర్త్ సర్టిఫికెట్ అడుగుతున్నాను.

ఏఎఫ్ఐ నంబరు

ఏఎఫ్ఐ ప్రతి క్రీడాకారుడికి విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు ఇది, దీన్ని యూఐడీ అంటారు. ఏఎఫ్ఐ వెబ్‌సైట్‌లో క్రీడాకారుడి పేరిట ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. ఫొటో, బర్త్ సర్టిఫికెట్, ఆధార్ స్కాన్ చేసి పెట్టాలి, మీ రాష్ట్రం ఎంచుకోవాలి. మీరు పంపిన వివరాలు రాష్ట్ర సంఘం దగ్గరకు వెళ్తాయి. అది ఆమోదించాకే నంబరు పూర్తవుతుంది. ఆమోదం ఆగిపోతే మొదట జిల్లా సంఘం కార్యదర్శిని కలవండి. చాలాసార్లు అది స్కాన్ మసకగా ఉండడం, పేరు తేడా లాంటి చిన్న కారణమే అయి ఉంటుంది. మొబైల్ నంబరు, మెయిల్ ఇంట్లోవాళ్లవే ఇవ్వండి. కోచ్ నంబరు ఇస్తే రేపు కోచ్ మారినప్పుడు ఓటీపీ కోసం తిప్పలు పడాలి.

ఒక క్రీడాకారుడికి ఒకటే రాష్ట్రం. ఊరు నల్గొండ, చదువు వేరే రాష్ట్రంలోని స్పోర్ట్స్ హాస్టల్లో అయితే ఎక్కడి నుంచి ఆడాలో ముందే తేల్చుకోవాలి. మధ్యలో మారాలంటే పాత రాష్ట్ర సంఘం నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం కావాలి.

మీట్‌లు, మార్కులు

జిల్లా మీట్, రాష్ట్ర మీట్, జాతీయ యూత్ మీట్. దారి ఇదే. 2025లో దమ్మామ్‌కు జట్టును ఆ మార్చిలో పట్నాలో జరిగిన జాతీయ యూత్ మీట్ చూసి ఎంపిక చేశారు. చిన్నవాళ్లకు జిల్లాల మధ్య జరిగే జాతీయ జూనియర్ మీట్ ఉంది, దాన్నే నిడ్‌జామ్ అంటారు. అండర్‌-14, అండర్‌-16 పిల్లలు అందులో ఆడతారు. జాతీయ మీట్‌కు పేర్లు ఎక్కించేది రాష్ట్ర సంఘమే. గడువు దాటితే ఆన్‌లైన్ ఎంట్రీ తెరుచుకోదు. మీ పేరు ఎక్కిందో లేదో ఆఖరి రోజుకు ముందే అడిగి తెలుసుకోండి, మొహమాటపడొద్దు.

స్కూల్ గేమ్స్ సర్టిఫికెట్ల ఫైలు పట్టుకొచ్చి "నేషనల్స్ ఆడాడు సార్" అంటారు. మంచిదే, కాలేజీ సీటుకు పనికొస్తుంది. ఏఎఫ్ఐ జట్టుకు మాత్రం ఏఎఫ్ఐ చెప్పిన మీట్‌లో చేసిన మార్కే, అంటే అక్కడ వచ్చిన టైమో దూరమో ఎత్తో, అదే లెక్క.

ఎంపికకు ముందు ఏఎఫ్ఐ ఒక్కో ఈవెంట్‌కు అర్హత మార్కు ప్రకటిస్తుంది. ఎంపిక మీట్‌లో మొదటి స్థానం వచ్చినా ఆ మార్కు అందుకోకపోతే జట్టులో చోటు ఖాయమని చెప్పలేం. ఇక్కడే మన పిల్లలు దెబ్బతినేది. ఊళ్లో స్టాప్‌వాచ్ పట్టి 100 మీటర్లు 11.0 అంటే, ఎలక్ట్రానిక్ టైమింగ్‌లో అది 11.24 దగ్గర పడుతుంది. చేత్తో నొక్కిన టైముకు 0.24 సెకన్లు కలపడం అందరూ వాడే లెక్క. గాలి వెనక నుంచి సెకనుకు 2.0 మీటర్లు దాటితే ఆ టైమును రికార్డుగా లెక్కలోకి తీసుకోరు.

సామాన్ల బరువు కూడా చూసుకోవాలి. అండర్‌-18 అబ్బాయిలకు షాట్ 5 కిలోలు, డిస్కస్ కిలోన్నర, జావెలిన్ 700 గ్రాములు. అమ్మాయిలకు షాట్ 3 కిలోలు, డిస్కస్ 1 కిలో, జావెలిన్ 500 గ్రాములు. విశాఖ అమ్మాయి యర్రాజీ జ్యోతి దూకే సీనియర్ హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లయితే, ఈ వయసు అమ్మాయిలకు 100 మీటర్ల హర్డిల్స్‌లో 76.2 సెంటీమీటర్లే. ఇంట్లో 4 కిలోల షాట్ ఉంది కదా అని ఏడాదంతా అదే విసిరితే అసలు రోజున చెయ్యి లెక్క తప్పుతుంది.

మీట్ దగ్గర వయసు పరీక్ష

సర్టిఫికెట్ ఉన్నా ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు. ఇది మామూలే, భయపడే పని లేదు. 2019 నవంబరులో తిరుపతిలో జరిగిన నిడ్‌జామ్‌లో 51 మంది ఈ పరీక్షలో తప్పారు. మరో 169 మంది పరీక్షకు నిలబడకుండానే వెళ్లిపోయారు. అందరూ కావాలని మోసం చేసినవాళ్లే అనను. బడిలో రాసిన జూన్ తేదీ కొంతమందిని ముంచి ఉంటుంది. కానీ అక్కడ నిలబడ్డాక ఆ కథ వినే ఓపిక ఎవరికీ ఉండదు. ఒరిజినల్ బర్త్ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి, జిరాక్స్ చాలదు.

పాస్‌పోర్టు

ఎంపికయ్యాక తీసుకుందాం అనుకోవద్దు. జాతీయ మీట్ నుంచి విమానం ఎక్కడానికి నెల, నెలన్నరకు మించి సమయం దొరక్కపోవచ్చు. 2025లోనైతే మీట్ మార్చిలో, పోటీ ఏప్రిల్‌లో. పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసి, అపాయింట్‌మెంట్ రోజు పిల్లతో పాటు తల్లిదండ్రులు వెళ్లాలి. అనెక్సర్ డి అనే ప్రకటన మీద ఇద్దరి సంతకాలూ కావాలి. 15 నుంచి 18 ఏళ్ల మధ్యవాళ్లు పదేళ్ల గడువున్న పాస్‌పోర్టు కూడా కోరుకోవచ్చు. దానికి ఫీజు కాస్త ఎక్కువ, అయినా అదే తీసుకోమంటాను. వీసా పని సమాఖ్య చూసుకుంటుంది.

మందులు

జలుబు చేసిందని మెడికల్ షాపులో బిళ్ల కొనివ్వకండి. కొన్ని జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పోటీ రోజుల్లో మోతాదు దాటితే నిషిద్ధం. దేశంలో డోపింగ్ పరీక్షలు చూసే సంస్థ నాడా. వాళ్ల "నో యువర్ మెడిసిన్" యాప్‌లో మందు పేరు కొట్టి చూడండి. ఆస్తమాకో మరో జబ్బుకో తప్పనిసరిగా వాడాల్సిన మందు నిషిద్ధ జాబితాలో ఉంటే డాక్టరు రిపోర్టులతో ముందే టీయూఈ అనే అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. మైనర్లనూ పరీక్షిస్తారు. ఆ సమయంలో పక్కన పెద్దవాళ్లు ఒకరు ఉండే హక్కు పిల్లలకు ఉందని వాళ్లకు చెప్పి పంపండి. జిమ్‌లో అన్నయ్య ఇచ్చిన ప్రొటీన్ డబ్బా సంగతి వేరే చెప్పాలా?

డబ్బు విషయం

నమోదుకు, మీట్ ఎంట్రీకి సర్క్యులర్‌లో రాసిన ఫీజు కట్టాలి, రసీదు తీసుకోవాలి. జట్టులో చోటు కొనే వస్తువు కాదు. ఎవరైనా ఆసియా ఎంట్రీకి లక్షో రెండు లక్షలో అడిగితే, ఆ మాట మెసేజ్‌లో పెట్టమని అడిగి చూడండి. పెట్టడు.

గల్ఫ్ నుంచి ఫోన్ చేసేవాళ్లకు

మస్కట్, దుబాయ్‌లలో ఉన్న మనవాళ్ల పిల్లలు అక్కడి స్కూల్ మీట్‌లలో బాగా ఆడుతుంటారు. పాస్‌పోర్టు భారత్‌దే అయితే ఆడాల్సింది మన దేశానికే, అంటే సొంత రాష్ట్ర సంఘం ద్వారానే రావాలి. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు మాత్రమే ఉంటే భారత్ తరఫున ఆడే వీలు లేదు. కరీంనగర్ వాళ్లయితే కరీంనగర్ జిల్లా సంఘం, కడప వాళ్లయితే కడప. టికెట్ కొనేముందు ఆ జిల్లా మీట్ తేదీ కనుక్కోండి. చాలా జిల్లాల్లో అది వేసవి సెలవుల్లో ఉండదు.