వండర్‌లాకి ఒక రోజు: నలుగురికి ఒకే సంచి సర్దే పద్ధతి

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద రావిర్యాల దగ్గరున్న వినోద పార్కు వండర్‌లాలో పొడి రైడ్లు, నీళ్ళ రైడ్లు రెండూ ఒకే ప్రాంగణంలో ఉంటాయి. సంచి సర్దడంలో చిక్కంతా అక్కడే. పొద్దున ఎండలో తిరగాలి, మధ్యాహ్నం నీళ్ళలో నానాలి, సాయంత్రం పొడి బట్టలతో ఇల్లు చేరాలి. పెళ్ళికో ఊరికో వెళ్ళేటప్పుడు సర్దినట్టు "ఇవి నాన్నవి, ఇవి చిన్నదానివి" అని మనిషివారీగా పెడితే, ఒక్క తువ్వాలు కోసం లాకర్ ముందు సంచంతా కుమ్మరించాల్సి వస్తుంది. వేళవారీగా సర్దండి. చివర తీసేది అడుగున, ముందు తీసేది పైన. కింది లెక్కలన్నీ ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలకు.

సంచి మెత్తగా, నొక్కితే ముడుచుకునేలా ఉండాలి. 25–30 లీటర్ల బ్యాక్‌ప్యాక్ ఒకటి సరిపోతుంది. గట్టి ట్రాలీ సంచి లాకర్లో పట్టకపోవచ్చు.

అడుగున సాయంత్రం మూటలు

పొద్దున వేసుకొచ్చిన బట్టలే లాకర్లో దాచుకుని సాయంత్రం మళ్ళీ వేసుకోవచ్చు. కాబట్టి పెద్దవాళ్ళకు ఒక జత లోదుస్తులు, ఒక టీషర్టు చాలు. పిల్లలకు మాత్రం పూర్తి జత పెట్టండి, వాళ్ళ బట్టలు మధ్యాహ్నానికే ఐస్‌క్రీమ్‌తో నిండిపోతాయి. డిసెంబరు, జనవరుల్లో వెళ్తుంటే పిల్లలకు పల్చటి స్వెట్టర్ తప్పనిసరి. నీళ్ళలోంచి బయటికొచ్చేసరికి ఎండ వాలిపోయి ఉంటుంది.

ఇక్కడే చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. బట్టలు మార్చుకునే గదులు ఆడవాళ్ళకు, మగవాళ్ళకు వేర్వేరు. అందుకని సాయంత్రం మూట ఒకటి కాదు, రెండు కట్టాలి. అమ్మతో వెళ్ళే పిల్లల బట్టలు, తువ్వాలు, దువ్వెన, సబ్బు ఒక కవరులో. నాన్నతో వెళ్ళేవాళ్ళవి ఇంకో కవరులో. తడి ఒంటితో నిలబడి ఒకరి బట్టల కోసం ఇంకొకరు ఎదురుచూడటం తప్పుతుంది.

తువ్వాళ్ళు పల్చటివి పెట్టండి. మందపాటి టర్కీ తువ్వాలు తడిస్తే అదొక్కటే కిలో దాకా తూగుతుంది, రాత్రికీ ఆరదు. పల్చటి నూలు తువ్వాలు త్వరగా పీలుస్తుంది, త్వరగా ఆరుతుంది. నలుగురికి నాలుగు, పైన ఒకటి.

మధ్యలో నైలాన్ బట్టలు

కాటన్ బట్టలతో పూల్‌లోకి వెళ్ళనివ్వరు. కారణాలు గట్టివే. కాటన్ నుంచి ఊడే పోగులు నీటిని వడగట్టే ఫిల్టర్లలో పేరుకుంటాయి. తడిసిన కాటన్ బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది, స్లైడు మీద సాఫీగా జారనివ్వదు. చున్నీలు, చీరలు మరీ ప్రమాదం. జీన్స్ బొడిపెలు, లోహపు జిప్పులు, పిన్నీసులు ఫైబర్ స్లైడును గీరేస్తాయి, ఆ గీత వెనకొచ్చేవాళ్ళ వీపుకి తగులుతుంది.

బట్ట లేబుల్ మీద నైలాన్ లేదా పాలిస్టర్, దాంతోపాటు కొంచెం స్పాండెక్స్ (సాగే పోగు) అని ఉండాలి. జిప్పు, లోహపు గుండీ లేనివి చూసుకోండి. పార్కులోనూ అమ్ముతారు గానీ అక్కడ సైజూ రంగూ తీరిగ్గా చూసుకునే వీలుండదు, ముందే మీ ఊళ్ళో స్పోర్ట్స్ దుకాణంలో కొనుక్కోవడం మేలు. తెలుపు, లేత రంగు పల్చటి బట్ట తడిస్తే ఒళ్ళు కనబడుతుంది. పిల్లలకైతే రంగు భద్రత విషయం కూడా: లేత నీలం, తెలుపు నీళ్ళలో కలిసిపోతాయి, ముదురు నారింజ, ఫ్లోరోసెంట్ గులాబీ దూరం నుంచే కనిపిస్తాయి. నిక్కరుకి నాడా ఉండాలి. ఎలాస్టిక్ ఒక్కటే ఉంటే స్లైడు చివర నీటి విసురుకి కిందికి జారిపోతుంది.

పొడుగు చేతుల టాప్, కాళ్ళ నిండా లెగ్గింగ్స్ తీసుకుంటే సన్‌స్క్రీన్ ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. పెద్దవాళ్ళకు ఒళ్ళంతా ఒకసారి సరిగా రాయాలంటే దాదాపు 30 మి.లీ. కావాలి, రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. ఆ లెక్కన 50 మి.లీ. ట్యూబు నలుగురికి ఒక్క పూట కూడా రాదు. ఒళ్ళు కప్పుకుంటే ముఖం, మెడ, చేతులు, పాదాలే మిగులుతాయి. ఎస్‌పీఎఫ్ 30 లేదా పైన, నీటికి తట్టుకునేది రాసుకుని, ఎండలోకి వెళ్ళే ముందు ఒక పావుగంట ఆగండి. ఆరు నెలల లోపు పసిపిల్లలకు రాయకండి, వాళ్ళకు నీడే సరైనది.

డైపర్ వేసే వయసు పిల్లలుంటే మామూలు డైపర్ నీళ్ళలో పనికిరాదు. నీళ్ళన్నీ తాగేసి ఉబ్బి జారిపోతుంది. స్విమ్ డైపర్లు రెండు మూడు పెట్టండి. అవి మలాన్ని కొంతవరకు ఆపుతాయి, మూత్రాన్ని ఆపవు, కాబట్టి పూల్ దాకా మామూలుది వేసి అక్కడ మార్చండి. నెలసరి రోజుల్లో ప్యాడ్‌ది కూడా ఇదే కథ. కప్పు లేదా టాంపన్ ఇప్పటికే అలవాటున్నవాళ్ళు నిశ్చింతగా నీళ్ళలోకి దిగొచ్చు. అలవాటు లేనివాళ్ళు ఆ రోజే మొదటిసారి ప్రయత్నించవద్దు, పొడి రైడ్లు బోలెడు ఉన్నాయి.

ఇంట్లో వదిలి వెళ్ళాల్సినవి

బంగారం. చల్లటి నీళ్ళలో వేళ్ళు సన్నబడి ఉంగరాలు ఊడిపోతాయి, గొలుసులు స్లైడు దగ్గర తెగుతాయి. తాళి తీయడం ఇష్టం లేనివాళ్ళు ఆ ఒక్క రోజుకి గొలుసు ఇంట్లో ఉంచి, పసుపుతాడు వేసుకుని బట్ట లోపలికి దోపుకోవచ్చు. పిల్లల పట్టీలు, మెడలో గొలుసులు కూడా తీసేయండి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని పూల్‌లోకి దిగకండి, నీళ్ళలోని సూక్ష్మజీవులు లెన్సు కింద చేరితే చూపుకే ముప్పు. కళ్ళద్దాలుంటే గట్టి డబ్బా తీసుకెళ్ళండి, పెద్ద రైడ్లు ఎక్కేముందు అవి తీయాల్సిందే.

బయటి తిండి లోపలికి రానివ్వరు. ఇంటి తిండి కావాలంటే గేటు దాటక ముందే ముగించండి. మూడు నాలుగు ఇడ్లీలు మంచిది. పూరీ, వడ తిని గిరగిరా తిరిగే రైడ్ ఎక్కితే కడుపు ఒప్పుకోదు. తిరుగు ప్రయాణానికి కారులో ఏమైనా ఉంచాలనుకుంటే పులిహోర ఉంచండి, దద్దోజనం వద్దు. ఎండలో నిలిపిన కారు వేడికి పెరుగన్నం పులిసి పాడవుతుంది, చింతపండు పులుపు ఉన్న అన్నం ఇంకొంచెం ఓర్చుకుంటుంది. అయినా ఏప్రిల్, మే నెలల్లో రెండూ వద్దనే నా సలహా. పవర్ బ్యాంకు కూడా ఆ వేడిలో వదలకండి, లాకర్లో పెట్టుకోండి.

పైన పొద్దుటి సరుకు, చేతిలో పౌచ్

టోపీలు నాలుగు, ఖాళీ స్టీల్ బాటిల్ ఒకటి. కాళ్ళకు వెనక పట్టీ ఉన్న శాండిల్స్. హవాయి చెప్పులు రైడ్‌లో ఊడి పడతాయి, కానీ పూల్ దగ్గర కాలే నేల మీద నడవటానికి అవే హాయి. పిల్లలకు ఒక జత సంచిలో వేసి, అడుగున మార్కర్‌తో పేరు రాయండి.

చేతి పౌచ్‌లో మందులు: రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలు, బ్యాండేజీలు ఆరు, డాక్టరు చెప్పిన వాంతుల మాత్ర, ఓఆర్ఎస్. మందుల షాపులో 200 మి.లీ. నీళ్ళకు సరిపోయే చిన్న ప్యాకెట్లు అడగండి, నాలుగు చాలు. లీటరు ప్యాకెట్‌ను అరకొరగా గ్లాసులో కలిపితే ఉప్పు పాళ్ళు తప్పుతాయి. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా అని చూసుకోండి. ఆ ఫార్ములా కాని తీపి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట ఉండకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పట్టుబట్టిన విషయం అది.

ఫోనుకి వాటర్‌ప్రూఫ్ కవరు కొంటే ముందురోజు పరీక్షించండి. లోపల మడిచిన టిష్యూ కాగితం పెట్టి, క్లిప్పు బిగించి, బకెట్లో ముంచి పది నిమిషాలు బరువు పెట్టండి. కాగితం తడిస్తే మూత పెదవుల మధ్య వెంట్రుకో ఇసుక రేణువో ఇరుక్కుని ఉంటుంది. తుడిచి మళ్ళీ చూడండి, అప్పటికీ తడిస్తే ఫోను లాకర్లోనే. లాకర్లో ఫోనుంటే యూపీఐ ఉండదు కాబట్టి కాస్త నగదు జిప్‌లాక్ కవరులో ఒంటి మీద ఉంచుకోండి.

బయల్దేరే ముందు పిల్లల ఎత్తు చెప్పుల్లేకుండా కొలవండి. పెద్ద థ్రిల్ రైడ్లకు 140 సెం.మీ. ఉండాలి. రెండు సెంటీమీటర్లు తక్కువుంటే ఇంట్లోనే చెప్పి ఒప్పించడం, గంట వరుసలో నిలబెట్టి వెనక్కి తీసుకురావడం కంటే ఎంతో నయం. అమ్మానాన్నల నంబరు పిల్లల ముంజేతి లోపలివైపు చెరగని మార్కర్‌తో రాయండి.

తడి బట్టలకు మందపాటి పెద్ద ప్లాస్టిక్ కవర్లు రెండు, మడిచి సంచి పక్క జేబులో. ఇల్లు చేరాక ఎంత అలసటగా ఉన్నా ఆ మూట రాత్రే విప్పాలి. నైలాన్ బట్టల్ని మామూలు చల్లటి నీళ్ళలో రెండుసార్లు జాడించి, పిండకుండా నీడన ఆరేయండి. క్లోరిన్ అలాగే ఉండిపోతే స్పాండెక్స్ సాగే గుణం పోయి, రెండోసారికి ఆ లెగ్గింగ్స్ మోకాళ్ళ దగ్గర వేలాడతాయి.