అండమాన్‌లో నడిసంద్రపు వేటకు వెళ్లే ముందు

డిసెంబరు నుంచి పడవలకు గిరాకీ ఎక్కువ. అడ్వాన్సు కట్టేముందు ఇవి చూసుకోండి.

– వీహెచ్‌ఎఫ్ రేడియో (ఒడ్డుతో, ఇతర పడవలతో మాట్లాడే సాధనం) పనిచేస్తోందా? దగ్గరుండి ఆన్ చేయించి చూడండి. తీరం దూరమయ్యాక ఫోనుకు సిగ్నల్ ఉండదు. ఇంజిను ఆగితే ఆ రేడియోనే ప్రాణం.

– హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే అలల ఎత్తు అంచనా చూడండి. ఆకాశం తేటగా ఉన్నా, దూరపు తుపాను అలలను ఇక్కడిదాకా తోస్తుంది.

– గాలపు దారాన్ని చేతికి చుట్టుకోవద్దు. పెద్ద ట్యూనా చేప ఒక్కసారి కిందికి లాగితే దారం బిగుసుకుని వేలిని కోసేస్తుంది. పిల్లలకు ఈ మాట రెండుసార్లు చెప్పండి.

– లైఫ్ జాకెట్ ఒడ్డునే తొడిగి, పట్టీ బిగించి చూసుకోండి.

– వాంతుల మాత్ర గంట ముందే వేసుకోవాలి. వికారం మొదలయ్యాక కడుపులో నిలవదు.

– పాదాలపైన కూడా సన్‌స్క్రీన్ రాయండి. అందరూ మరిచేది అక్కడే.