కారు బ్రేకులు నేర్చుకుందాం - 4వ పాఠం: డిస్క్ ఎందుకు వణికిస్తుంది?

గత పాఠంలో చక్రం విప్పి, క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్ మీద నొక్కే భాగం) పక్కకు తప్పించి, ప్యాడ్ల మందం చూడటం నేర్చుకున్నాం. ఈసారి ఆ ప్యాడ్ల మధ్య తిరిగే డిస్క్ సంగతి చూద్దాం.

బ్రేక్ వేయగానే స్టీరింగ్ వణికినా, పెడల్ కాలి కింద ఎగిరెగిరి పడినా మెకానిక్ నోట ముందుగా వచ్చే మాట "డిస్క్ బెండ్ అయింది, మార్చేద్దాం" అని. మారుస్తారు, వణుకు పోతుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వస్తుంది. ఈసారి డిస్క్ నాసిరకం అంటారు. నన్నడిగితే చాలాసార్లు పాత డిస్క్‌కీ, కొత్త డిస్క్‌కీ పాపం ఏ దోషమూ ఉండదు. దోషం దాన్ని బిగించిన చోట ఉంటుంది, లేదా దాన్ని వాడిన తీరులో ఉంటుంది.

ముందు ఆ వణుకు ఎక్కడిదో తేల్చుకోండి. బ్రేక్ మీద కాలు పెట్టకుండానే 80, 90 వేగంలో స్టీరింగ్ వణికితే అది వీల్ బ్యాలెన్సింగ్ గొడవో, టైరు గొడవో. డిస్కుల జోలికి వెళ్లకండి. బ్రేక్ వేసినప్పుడే వస్తూ, అది చేతుల్లో తెలుస్తుంటే ముందు చక్రాల డిస్కులు చూడాలి. సీటులో తెలుస్తుంటే వెనక చక్రాల వైపు చూడాలి. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు పెడల్ టకటకా కొట్టుకుంటే మాత్రం అది ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు) తన పని తాను చేసుకుంటున్నట్టు. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

నిజంగా వంగుతుందా?

డిస్క్ పోత ఇనుముతో చేసింది. అది వేడికి వంకర పోవడం అసాధ్యమేమీ కాదు, కానీ మామూలు వాడకంలో చాలా అరుదు. అంత వేడి పుట్టే లోపే ప్యాడ్లు పట్టు కోల్పోవడం, ఫ్లూయిడ్ మరిగి పెడల్ మెత్తబడటం లాంటివి మొదలవుతాయి. వణికే డిస్కుల్లో ఎక్కువ శాతం వంగినవి కావు, చుట్టూ ఒకే మందం లేనివి.

ఆ తేడా ఎంతుంటే మనకు తెలుస్తుంది? 0.02 మిల్లీమీటర్లు చాలు. తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు. కాస్త మందంగా ఉన్న భాగం ప్యాడ్ల మధ్యకు రాగానే క్యాలిపర్‌లో ప్యాడ్‌ను నొక్కే పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది, లైన్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ దెబ్బ పెడల్ దాకా వస్తుంది. పలచని భాగం రాగానే ఒత్తిడి తగ్గుతుంది. 60 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రం 100 వేగంలో సెకనుకు దాదాపు 15 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 15 దెబ్బలు. మనం వణుకు అంటున్నది దీన్నే.

ఆ తేడా ఎలా పుడుతుంది?

మొదటి దారి హబ్ దగ్గర, అంటే డిస్క్, చక్రం బిగించే భాగం దగ్గర, మొదలవుతుంది. డిస్క్ వెనక భాగం హబ్ ముఖం మీద అతుక్కున్నట్టు కూర్చోవాలి. పాత డిస్క్ తీశాక హబ్ మీద, ముఖ్యంగా బోల్టుల చుట్టూ, తుప్పు పొరలు కనిపిస్తాయి. వాటిని అలాగే వదిలేసి కొత్త డిస్క్ తొడిగితే ఏమవుతుందో చిన్న లెక్క వేద్దాం. హబ్ ముఖం 140 మి.మీ. వెడల్పు, డిస్క్ 260 మి.మీ. అనుకోండి. హబ్ అంచున 0.05 మి.మీ. తుప్పు రేకు ఒకటి ఇరుక్కుంటే డిస్క్ ఆ మేరకు వాలిపోతుంది, దాని అంచు దగ్గరికి వచ్చేసరికి ఆ వాలు దాదాపు 0.09 మి.మీ. అవుతుంది. చాలా కార్ల మాన్యువళ్లలో డిస్క్ తిరిగేటప్పుడు వచ్చే ఈ ఊగుడుకు ఇచ్చే హద్దు 0.05 నుంచి 0.1 మి.మీ. మధ్య ఉంటుంది. అంటే ఒక్క తుప్పు రేకుతో కొత్త డిస్క్ కూడా హద్దు దగ్గరికి చేరిపోయినట్టే.

వీల్ నట్లను గన్‌తో ఒకదాని తర్వాత ఒకటి వరసగా బర్రుమని బిగించినా ఇంచుమించు ఇదే ఫలితం. ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ బిగిస్తే హబ్, డిస్క్ కలిసి కొద్దిగా మెలిక పడతాయి.

ఇలా ఊగే డిస్క్ మొదటి రోజు వణకదు. అందుకే అసలు కారణం ఎవరికీ దొరకదు. మందం అన్ని చోట్లా ఒకటే కాబట్టి క్యాలిపర్ దాంతో పాటే అటూ ఇటూ కదిలి సర్దుకుంటుంది. కానీ బ్రేక్ వేయనప్పుడు కూడా ప్యాడ్ డిస్క్‌కు చాలా దగ్గరగానే ఉంటుంది. ప్రతి చుట్టులోనూ ఎత్తుగా వచ్చిన చోటు ప్యాడ్‌ను ఒరుసుకుంటూ పోతుంది. కిలోమీటరుకు 530 చుట్ల లెక్కన 5,000 కిలోమీటర్లకు 26 లక్షల సార్లు. అక్కడ ఇనుము కొద్దికొద్దిగా అరిగి పలచనవుతుంది. అప్పుడు వణుకు మొదలవుతుంది. మూడు, నాలుగు నెలల కిందట టైర్లు మార్పించిన సంగతి ఆ వేళకు ఎవరికి గుర్తుంటుంది?

రెండో దారి ప్యాడ్ నుంచి వస్తుంది. బ్రేక్ వేసినప్పుడల్లా ప్యాడ్ పదార్థం సన్నని పొరగా డిస్క్‌కు అంటుతుంది. అంటాలి కూడా, అది చుట్టూ సమంగా ఉంటే బ్రేక్ చక్కగా పట్టుకుంటుంది. ప్యాడ్లు బాగా కాలి ఉన్నప్పుడు కారు పూర్తిగా ఆపి, పెడల్ అలాగే తొక్కి పట్టుకుంటే ప్యాడ్ ఆకారంలో మచ్చ పడుతుంది. ఆ మచ్చ దగ్గర రాపిడి ఎక్కువ, వేడి ఎక్కువ, అంటుకునే పదార్థమూ ఎక్కువ. అలా అది పెరుగుతూ పోతుంది. వేడి 650-700 డిగ్రీల సెల్సియస్ దాటితే అక్కడ ఇనుము స్వభావమే మారిపోయి సెమెంటైట్ అనే గట్టి పదార్థం తయారవుతుంది. చుట్టుపక్కల ఇనుము అరుగుతుంది, ఇది అరగదు. లేత్ మీద స్కిమ్మింగ్ (పైపొర చెక్కడం) చేయించినా పైపైనే పోతుంది, లోపలిది కొన్నాళ్లకు మళ్లీ ఎత్తుగా తేలుతుంది. నీలి రంగు, నల్లటి మచ్చలు లోతుగా పడిన డిస్క్‌ను స్కిమ్మింగ్‌కు పంపడం నా లెక్కలో దండగ. మార్చేయండి.

క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు ఎండి బిగుసుకుపోయినా ప్యాడ్ వదలకుండా రాసుకుంటూ వేడి పెంచుతుంది. తడిలో వారాల తరబడి నిలిపిన కారులో ప్యాడ్ కింద మిగిలిన చోటు ఒక రకంగా, బయటి భాగం ఇంకో రకంగా తుప్పు పట్టి కూడా మందం తేడా వస్తుంది.

కొలిచి చూద్దాం

జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద చేతులు పెట్టకండి, స్టాండ్ వేయాల్సిందే. చక్రం తీశాక వాషర్లు వేసి నట్లు తిరిగి బిగించండి, లేకపోతే డిస్క్ హబ్ మీద వదులుగా ఉండి కొలత తప్పుతుంది. డిస్క్‌ను రెండు చేతులతో పట్టుకుని ఊపి చూడండి. బేరింగ్‌లో లూజు ఉంటే ముందు దాని సంగతి తేల్చాలి, ఆ తర్వాతే కొలతలు.

డయల్ గేజ్‌ను కదలని భాగానికి బిగించి, దాని మొన డిస్క్ బయటి అంచుకు 10 మి.మీ. లోపల ఆనేలా పెట్టండి. చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. ముల్లు ఎక్కువగా, తక్కువగా చూపిన అంకెల మధ్య తేడాయే ఊగుడు. మైక్రోమీటరుతో మందం కొలిచేటప్పుడు అంచు నుంచి ఒకే దూరంలో చుట్టూ 8 చోట్ల కొలవండి. మామూలు వెర్నియర్ ఇక్కడ పనికిరాదు: 0.02 మి.మీ. తేడాను దానితో నమ్మకంగా పట్టుకోలేరు, పైగా అరిగిన డిస్క్ అంచున మిగిలే గట్టు మీద దాని దవడలు ఆనుకుంటాయి. డిస్క్ మీదే కనీస మందం ముద్రించి ఉంటుంది. కొలత దానికంటే తక్కువ వస్తే ఇక వేరే ఆలోచన లేదు.

ఊగుడు ఎక్కువ, మందం సమానం అని తేలితే డిస్క్ పారేయకండి. విప్పి, హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో, ఆ తర్వాత ఎమెరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్దండి. డిస్క్ లోపలి ముఖమూ అలాగే. దుమ్మును గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. తిరిగి కొలవండి. ఇంకా ఎక్కువే ఉంటే డిస్క్‌ను ఒక బోల్టు రంధ్రం పక్కకు జరిపి తొడిగి మళ్లీ చూడండి. హబ్ వంకర, డిస్క్ వంకర ఒకదాన్నొకటి కొట్టేసుకునే స్థానం ఒక్కోసారి దొరుకుతుంది.

నట్లను ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, చివరి విడత, ఎంత గట్టిగా బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకే బిగించండి. టైర్ల షాపులో గన్ వాడితే, అక్కడే అన్నీ వదులు చేయించి మీరు మళ్లీ బిగించుకోండి. వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

కొత్త డిస్క్, కొత్త ప్యాడ్లు వేసినప్పుడు డిస్క్ మీది నూనె పూతను బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తీసేయండి. ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 వేగం దాకా ఓ మోస్తరుగా బ్రేక్ వేసి వదలండి. మధ్యలో పూర్తిగా ఆగకుండా ఎనిమిది, పది సార్లు ఇలా చేసి, బ్రేక్ పెద్దగా ముట్టుకోకుండా కొంత దూరం నడిపి చల్లారనివ్వండి. ప్యాడ్ కంపెనీ వేరే పద్ధతి చెబితే అదే పాటించండి.

ఇక నడిపే తీరు. 1,200 కిలోల కారును 100 వేగం నుంచి ఆపితే బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 4.6 లక్షల జౌళ్లు. అదే కారు 500 మీటర్ల ఎత్తున్న కొండ దిగితే 59 లక్షల జౌళ్లు, అంటే దాదాపు 13 సార్లు 100 నుంచి ఆపినంత పని. గేరు తగ్గించి దిగితే ఇందులో పెద్ద వాటా ఇంజిన్ తీసుకుంటుంది. న్యూట్రల్‌లో దిగితే గాలి, టైర్లు కాస్త తీసుకోగా మిగిలినదంతా బ్రేకుల మీదే. కిందదాకా బ్రేక్ సన్నగా తొక్కి పట్టుకోవడం కంటే కాసేపు గట్టిగా వేసి వదలడం మేలు, ఆ మధ్యలో ప్యాడ్లకు గాలి తగులుతుంది. దిగీ దిగగానే ఆగాల్సి వస్తే, చదునైన చోట హ్యాండ్ బ్రేక్ వేసి పెడల్ వదిలేయండి, లేదా కారును అంగుళం అంగుళం ముందుకు జరుగుతూ ఉండనివ్వండి. కాలిన డిస్క్ మీద నీళ్లు కొట్టకండి. కంతలున్న డిస్కులు వేయిస్తే ఇవన్నీ పోతాయని ఎవరైనా చెబితే, హబ్ శుభ్రం చేశారా అని తిరిగి అడగండి.

ఈ పాఠానికి అభ్యాసం: ముందు చక్రాల్లో ఒకటి విప్పి, ఊగుడు, 8 చోట్ల మందం, డిస్క్ మీది కనీస మందం, తేదీ, కిలోమీటర్లు నోట్‌బుక్‌లో రాసుకోండి. స్లైడ్ పిన్నులు వేలితో నెడితే కదులుతున్నాయో లేదో కూడా రాయండి. వచ్చే పాఠంలో ఆ పిన్నులు తీసి, శుభ్రం చేసి, ఏ గ్రీజు ఎంత పెట్టాలో చేసి చూద్దాం.