పిండిన తల్లిపాలు: ఏ సీసా, ఎక్కడ, ఎంతసేపు

ఇచ్ఛాపురం నుంచి బరంపురం ఉద్యోగానికి రోజూ వెళ్లొచ్చే తల్లికి ముందు కావలసింది పాలు దాచే సీసా. వెడల్పు మూతి ఉన్న గాజుదో, అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న ప్లాస్టిక్‌దో తీసుకోండి. సన్నమూతివి వద్దు, మెడ దగ్గరి జిడ్డు బ్రష్‌కి అందదు, వాసన పట్టేస్తుంది. పట్టడానికైతే ఉగ్గుగిన్నే మేలు, కడగడం తేలిక.

25 డిగ్రీల లోపు ఉండే గదిలో పాలు 4 గంటలు ఆగుతాయి. మన ఎండాకాలంలో ఆ లెక్క పనికిరాదు. పిండిన వెంటనే, గట్టిగా గడ్డకట్టిన ఐస్‌ప్యాక్‌లున్న డబ్బాలో పెట్టేయాలి. ఇంటికి రాగానే ఫ్రిజ్ లోపలి అరలోకి, బాగా వెనక్కి. తలుపు అరలో పెడితే తీసిన ప్రతిసారీ వేడి తగులుతుంది. ఫ్రిజ్‌లో 4 రోజులు, డీప్ ఫ్రీజర్‌లో 6 నెలలు ఉంటాయి. గంటల తరబడి కరెంటు పోయే ఊళ్లో మాత్రం ఫ్రీజర్‌ని నమ్ముకోవద్దు. సీసాకు 60 నుంచి 100 మి.లీ. చాలు. గడ్డకట్టేటప్పుడు పాలు ఉబ్బుతాయి కాబట్టి పైన అంగుళం ఖాళీ వదలండి. కరిగించినవి ఫ్రిజ్‌లోనే ఉంచి 24 గంటల్లో వాడేయాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు.

మీగడ పైకి తేలితే విరిగాయని కంగారుపడకండి, సీసా మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. వేణ్నీళ్ల గిన్నెలో నిలబెట్టి గోరువెచ్చన చేయండి. పొయ్యి మీదా, మైక్రోవేవ్‌లోనూ వద్దు. బిడ్డ తాగగా మిగిలినవి 2 గంటలు దాటితే, ఎంత ప్రాణం ఉసూరుమన్నా, పారబోయడమే.