కుక్కపిల్లల చెవి బాధలకు ఇంటి దగ్గర సహజ పద్ధతుల్లో ఏం చేయాలి, ఎలా చేయాలి?

వంశధార, మహేంద్రతనయ, బాహుదా నదులు పారే మన సరిహద్దు ప్రాంతంలో, అంటే పర్లాకిమిడి, కాశీనగర్, పాతపట్నం, మందస, ఇచ్ఛాపురం మొదలుకొని బరంపురం వరకు, జూన్‌లో పట్టిన తడి అక్టోబరు తుపాన్లు దాటేదాకా పూర్తిగా ఆరదు. ఇళ్ళలో పెంచుకొనే కుక్కపిల్లలు పదే పదే తల విదిలించడం, వెనుక కాలితో చెవి గోక్కోవడం, చెవి దగ్గర చేయి పెడితే మూలగడం ఈ నెలల్లోనే ఎక్కువ. పశువుల ఆసుపత్రి దూరమని, పెద్దలు చెప్పిన నూనెనో ఆకు పసరునో వెంటనే చెవిలో పోసేయడం చాలా ఇళ్ళలో అలవాటు. మొదట మానుకోవలసినది ఆ అలవాటే. ఇంటి వైద్యానికి విలువ లేదని కాదు. అది చెవి డొప్పకు, కంటికి కనిపించే భాగానికి మాత్రమే పరిమితం కావాలి. అంతకన్నా లోపలికి ఏ చుక్క వేయాలన్నా ముందు బాధకు కారణం తెలియాలి.

చెవి లోపల ఎలా ఉంటుంది?

కుక్క చెవి నాళం మొదట నిలువుగా కిందికి దిగి, అక్కడ మలుపు తిరిగి, అడ్డంగా లోపలికి వెళ్ళి కర్ణభేరిని చేరుతుంది. పైనుంచి పోసిన నీరైనా నూనెయినా ఆ మలుపు దగ్గర నిలిచిపోతుంది, గులిమిని మెత్తబరిచి అక్కడే నానబెడుతుంది. వెచ్చదనం, తడి, చీకటి మూడూ కలిసిన చోట ఈస్టు జాతి బూజు వేగంగా పెరుగుతుంది. వేలాడే చెవులున్న ల్యాబ్రడార్, స్పానియల్ వంటి జాతుల పిల్లలకు ఈ బాధ ఎక్కువగానూ, నిలువు చెవులున్న మన ఊరి కుక్కలకు తక్కువగానూ రావడానికి గాలి ఆడడంలోని తేడా ఒక కారణం. అప్పుడే పుట్టిన పిల్లలకు చెవి నాళాలు మూసుకొని ఉండి, సుమారు రెండు వారాల వయసులో తెరుచుకుంటాయి. అందువల్ల మరీ పసి పిల్లల చెవులను ముట్టుకోనక్కరలేదు, తల్లి నాకి శుభ్రం చేసుకుంటుంది.

మొదట చూడాలి, వాసన చూడాలి

పగటి వెలుతురులో, వీధి అరుగు మీద కూర్చొని, పిల్లను ఒడిలో పెట్టుకొని రెండు చెవులనూ పోల్చి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న చెవి లోపలి చర్మం లేత గులాబీ రంగులో ఉంటుంది, లేత గోధుమరంగు గులిమి కొద్దిగా ఉండవచ్చు, దుర్వాసన ఉండదు. తేడా ఎక్కడుందో తెలిస్తే సగం పని అయినట్టే.

కాఫీ పొడిలా నల్లగా, పొడిపొడిగా మురికి ఉండి, దురద విపరీతంగా ఉంటే అది చెవిలో చేరే, పేనులాంటి సూక్ష్మ పురుగుల (చెవి మైట్ల) పని అయి ఉండవచ్చు. ఒకే ఈతలో పుట్టిన పిల్లలన్నీ గోక్కుంటున్నా, ఇంట్లోని పిల్లి కూడా గోక్కుంటున్నా ఈ అనుమానం బలపడుతుంది. ఆ మురికిని దూదితో తీసి నల్ల గుడ్డ మీద దులిపి, ఎండలో భూతద్దంతో కాసేపు కదలకుండా చూస్తే, చుక్కల్లాంటి తెల్లని పురుగులు నెమ్మదిగా కదలడం కనిపిస్తుంది. కనిపించకపోయినంత మాత్రాన లేవని అనుకోకూడదు.

జిడ్డుగా, గోధుమరంగులో, పులిసిన వాసనతో రసి ఉంటే ఈస్టు అని అనుమానించాలి. పసుపు లేదా ఆకుపచ్చ చీము, కుళ్ళిన వాసన, ముట్టుకుంటే నొప్పి ఉంటే అది బాక్టీరియా వల్ల వచ్చినదిగా భావించి ఇంటి వైద్యం జోలికి పోకుండా వైద్యునికి చూపించాలి. చెవి కొనలు మాత్రమే పుండ్లుపడి నల్లని పెచ్చులు కట్టి ఉంటే, పశువుల పాక దగ్గర తిరిగే కుట్టే ఈగలే కారణమై ఉంటాయి. చెవి అంచున వెంట్రుకలు ఊడి, గరుకుగా పొక్కులు కట్టి ఉంటే గజ్జి కావచ్చు: ఆ అంచును రెండు వేళ్ళ మధ్య పట్టుకొని మెల్లగా రుద్దినప్పుడు, గజ్జి ఉన్న పిల్ల చాలావరకు ఆ పక్క వెనుక కాలిని గోక్కుంటున్నట్టు ఆడిస్తుంది. గజ్జి మనుషులకూ దురద పుట్టిస్తుంది గనుక దానిని ఒడిలో పెట్టుకోకుండా వైద్యునికి చూపించాలి. నిన్నటిదాకా బాగున్న పిల్ల చేనుగట్టు మీద పరుగెత్తి వచ్చి హఠాత్తుగా ఒక పక్కకే తల విదిలిస్తుంటే, గడ్డి గింజో పిడుదో చెవిలోకి వెళ్ళిందని అర్థం చేసుకోవాలి.

శుభ్రం చేసే విధానం

అర లీటరు నీటిని బాగా మరిగించి, అందులో ఒక టీ చెంచా ఉప్పును తలగొట్టి వేసి, గోరువెచ్చగా అయ్యేవరకు చల్లార్చాలి. మందుల దుకాణంలో దొరికే సెలైన్ సీసా ఇంకా మంచిది. చల్లని నీరు చెవిలో పడితే పిల్లకు కళ్ళు తిరుగుతాయి గనుక గోరువెచ్చదనం తప్పనిసరి. మెత్తని దూది, పొడి నూలు గుడ్డ, పిల్లకు ఇష్టమైన తిండి ముక్కలు దగ్గర పెట్టుకోవాలి. పుల్లకు చుట్టిన దూదిని మాత్రం దగ్గరకు రానివ్వకూడదు, అది మురికిని మలుపు వైపు నెట్టి గట్టిగా కుక్కుతుంది.

ఒకరు పిల్లను ఛాతీకి ఆనించి పట్టుకుంటే మరొకరు చెవి డొప్పను మెల్లగా పైకెత్తాలి. ముందుగా తడి దూదితో డొప్ప లోపలి మడతలను తుడవాలి. ఆ తరువాత దూదిని ఉప్పునీటిలో బాగా తడిపి, నాళం మొదట్లో ఆనించి మెత్తగా నొక్కితే కొంత నీరు లోపలికి దిగుతుంది. వెంటనే చెవి అడుగున, దవడ ఎముకకు వెనుక, బొటనవేలు చూపుడువేళ్ళతో అర నిమిషం పాటు మెల్లగా మర్దించాలి. లోపల చప్పుడు వినిపిస్తుంటే నీరు మురికిని కదిలిస్తున్నదని తెలుస్తుంది. అప్పుడు వదిలేస్తే పిల్ల తానే తల విదిలించి మురికిని బయటికి తోస్తుంది, దానిని తుడిచేయాలి. చివరికి పొడి దూదితో తడి లేకుండా ఒత్తి, తినడానికి ఏదైనా ఇవ్వాలి. శుభ్రం చేయడంలో ముఖ్యమైనది ఈ ఆరబెట్టడమే. తడి చెవిని అలాగే వదిలేస్తే చేసిన మేలు కన్నా కీడే ఎక్కువ. పిల్ల నొప్పితో అరిచినా, తల ఒక పక్కకు వాలి ఉన్నా, రక్తమో చీమో కనిపించినా కర్ణభేరి చిల్లుపడి ఉండవచ్చు గనుక ఈ పద్ధతిని అసలు మొదలు పెట్టకూడదు.

కారణాన్ని బట్టి చేయదగినవి

ఈస్టు వాసన ఉండి, చర్మం పచ్చిగా లేకపోతే, తెల్ల వెనిగర్ ఒక వంతుకు మరిగించి చల్లార్చిన నీరు రెండు వంతులు కలిపి, ఆ నీటిలో తడిపి పిండిన దూదితో కనిపించినంత మేర రోజుకు ఒకసారి తుడవవచ్చు. పులుపు ఈస్టు పెరుగుదలను అణచివేస్తుంది. గీతలు, పుండ్లు ఉన్న చర్మానికి తగిలితే మండుతుంది గనుక అప్పుడు వాడకూడదు. మూడు నాలుగు రోజుల్లో వాసన తగ్గకపోతే ఆపేసి వైద్యునికి చూపించాలి.

పేనులాంటి ఆ సూక్ష్మ పురుగుల విషయంలో మన ప్రాంతంలో కొబ్బరి నూనె మీదే నమ్మకం ఎక్కువ, ఉద్దానంలో అది లేని ఇల్లు ఉండదు కూడా. నూనె మురికిని మెత్తబరుస్తుంది, కొన్ని పురుగులకు ఊపిరాడకుండా చేస్తుంది. అయితే గుడ్లు మిగిలిపోతాయి, కొన్ని పురుగులు చెవి బయట ఒంటి మీద కూడా ఉంటాయి, గుడ్డు నుంచి పెద్ద పురుగయ్యేదాకా సుమారు మూడు వారాలు పడుతుంది. అందుచేత వారం రోజులు నూనె రాసి దురద తగ్గిందని ఊరుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది. నూనెలో తడిపిన దూదితో పైపై మురికిని తీసి, మిగిలినది వైద్యునికి వదిలేయడం సరైన పద్ధతి. ఆరు వారాలు దాటిన పిల్లలకు మెడ వెనుక చర్మం మీద వేసే సెలమెక్టిన్ చుక్కల మందు ఉంది. ఇంట్లోని కుక్కలకు, పిల్లులకు అన్నిటికీ ఒకేసారి వైద్యం చేయించకపోతే ఒకదాని నుంచి మరొకదానికి అంటుతూనే ఉంటుంది.

ఈగలు కుట్టిన చెవి కొనలకు ఇంటి వైద్యం బాగా పనికివస్తుంది. పెచ్చులను ఉప్పునీటితో నానబెట్టి తుడిచి ఆరబెట్టాక, పది చెంచాల కొబ్బరి నూనెకు ఒక చెంచా వేపనూనె కలిపి డొప్ప బయటి వైపు పలుచగా రాస్తే ఈగలు వాలడం తగ్గుతుంది. తల్లి, తోటి పిల్లలు నాకుతాయి గనుక పాలు తాగే వయసు పిల్లలకు వేపనూనె వద్దు. పేడకుప్పను దూరం జరపకపోతే ఏ నూనె రాసినా ఫలితం నిలవదు.

పిడుదు కనిపిస్తే చిన్న పట్కారుతో చర్మానికి ఆనుకొని ఉన్న తల దగ్గర పట్టుకొని, మెలి తిప్పకుండా, నిదానంగా తిన్నగా లాగాలి. చేతి వేళ్ళతో చిదమకుండా స్పిరిట్ సీసాలో వేసి మూత పెట్టాలి. పిడుదుల వల్ల కుక్కలకు జ్వరం, రక్తహీనత వస్తాయి. చిగుళ్ళు పాలిపోయి, పిల్ల తిండి మానేస్తే ఆలస్యం చేయకూడదు. గోడ పగుళ్ళలో, గోనె పట్టాల అడుగున పిడుదులు గుడ్లు పెడతాయి గనుక పడుకొనే గుడ్డను వేడినీటిలో ఉతికి ఎండలో వేయాలి. నాళం లోపలికి దిగిన పిడుదునూ గడ్డి గింజనూ ఇంట్లో తీయడానికి ప్రయత్నించరాదు.

సహజమైనవే అయినా వాడకూడనివి

మనుషుల పిల్లల చెవిపోటుకు వెల్లుల్లి వేసి కాచిన నూనె వేసే ఇళ్ళలో అదే కుక్కపిల్లకూ వేస్తుంటారు. వెల్లుల్లి, ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి, చెవిలో వేసినది నాకితే కడుపులోకి పోతుంది. కర్పూరం కలిపిన కొబ్బరి నూనె పసి కుక్కపిల్లలకు మూర్ఛలు తెప్పించగలదు. పేలకు వాడే సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. పొగాకు కషాయంలోని నికోటిన్ విషం. కిరోసిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్, చెవిలో స్పిరిట్, టీ ట్రీ నూనె కూడా వద్దు. పసుపు ముద్ద హానికరం కాకపోయినా నాళంలో గట్టిపడి వైద్యుడు లోపల చూడకుండా అడ్డుపడుతుంది. ఆవులకు తెచ్చిన ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను అంచనా మీద కుక్కపిల్లకు ఇవ్వడం ప్రాణాంతకం కావచ్చు. ఇంట్లో మిగిలిన మనుషుల చెవి చుక్కల మందులో జెంటమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు ఉంటే, చిల్లుపడిన కర్ణభేరి గుండా లోపలికి చేరి వినికిడినే పోగొట్టవచ్చు.

మళ్ళీ రాకుండా

స్నానం చేయించేటప్పుడు చెవిలో పొడి దూదిని వదులుగా పెట్టి, తరువాత మరచిపోకుండా తీసేయాలి. వానలో తడిసినా, ఏటిలో దిగినా చెవులు తుడవాలి. వేలాడే చెవులను రోజూ కాసేపు పైకి తిప్పి గాలి తగలనివ్వాలి. బాగున్న చెవిని మాటిమాటికీ కడగడం వల్ల చర్మం నాని మెత్తబడుతుంది గనుక, వారానికి ఒకసారి చూసి, మురికి ఉంటేనే తుడవాలి. ప్రతి నెలా రెండు చెవులూ ఎర్రబడుతూ, పాదాలు కూడా నాకుకుంటుంటే తిండి పడకపోవడం కారణం కావచ్చు. అప్పుడు వైద్యుని సలహాతో కనీసం ఎనిమిది వారాలు తిండి మార్చి చూడాలి.

వైద్యుని దగ్గరకు వెళ్ళేటప్పుడు

తల ఒక పక్కకు వాలడం, గుండ్రంగా తిరగడం, కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకోవడం, డొప్ప రక్తంతో ఉబ్బడం, పుండులో పురుగులు పడడం కనిపిస్తే అదే రోజు చూపించాలి. వీధి నుంచి తెచ్చిన పిల్ల చికిత్స సమయంలో కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి రేబిస్ టీకా కోసం వెళ్ళాలి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినా, పాతపట్నం వైపు కొన్ని ఊళ్ళకు దగ్గరి పశువైద్యుడు సరిహద్దు అవతలే ఉంటాడు గనుక రాష్ట్రాన్ని కాక దూరాన్ని చూసుకోవడం మేలు. బాధ ముదిరితే గరివిడిలోనూ భువనేశ్వర్‌లోనూ పశువైద్య కళాశాలలు ఉన్నాయి. బయలుదేరే రోజు చెవిని కడగకూడదు, ఎందుకంటే ఆ రసినే అద్దం పలక మీద తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తారు. అప్పటివరకు వాడిన నూనెలూ పసరులూ చుక్కల మందులూ ఏవేవో, ఎప్పుడెప్పుడు వేశారో ఒక కాగితం మీద రాసుకొని వెళ్ళి, దాచకుండా వైద్యునికి చెప్పాలి.